పందిరివారు స్పెల్లింగు లాగిన కథ

గుల్లలపేటలో పందిరివారంటే తెలివికి పెట్టింది పేరు. ఆ పేరు పెట్టుకున్నది కూడా పందిరివారే.

ఒకసారి తుఫాను వస్తోందని దండోరా వేశారు. "ఇంట్లో విలువైనదేదో చూసుకుని ఎత్తులో పెట్టుకోండహో" అన్నాడు దండోరావాడు. ఊళ్ళోవాళ్ళు బియ్యం అటకెక్కించారు, గుడ్డలు మూటగట్టి దూలానికి వేలాడదీశారు. పందిరివారి పెద్ద ఎర్రయ్య మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని ఆలోచించాడు. ఇంట్లో వస్తువులన్నిటినీ కాపాడేది ఏది? తాళం. అంటే అన్నిటికన్నా విలువైంది తాళమే కదా! అంతే, తలుపుకున్న తాళం ఊడదీసి, కొబ్బరిచెట్టెక్కి మొవ్వులో పెట్టి వచ్చాడు. తుఫాను వచ్చింది, పోయింది. తెరిచిన తలుపులోంచి నీళ్ళు దూరి చాపలు, చట్లు, ఎండుచేపలు అన్నీ ఊడ్చుకుపోయాయి. తాళం మాత్రం చెక్కుచెదరలేదు.

"చూశారా, బుర్రంటే అదీ!" అని ఎర్రయ్య ఇప్పటికీ ఇంటికొచ్చిన చుట్టాలకి ఆ తాళం చూపిస్తాడు. చూపించడానికి ఇంట్లో అదొక్కటే మిగిలింది మరి.

ఆ ఇంట్లో ఎర్రయ్య, అతని పెళ్ళాం గురమ్మ, పెద్దకొడుకు పోలయ్య, కోడలు నూకాలు, పెళ్ళికాని చిన్నకొడుకు తాతబ్బు ఉంటారు. పోలయ్య కూతురు దానమ్మ ఊళ్ళో బడిలో మూడో తరగతి. వీళ్ళు కాక చుక్కమేక ఒకటి, చూలుతో ఉంది. గురమ్మ నోరు తెరిచిందంటే సముద్రం హోరు కూడా వినపడదని ఊళ్ళో అంటారు. ఆ మాట తనని పొగడడానికే అంటున్నారని గురమ్మ నమ్మకం.

వాళ్ళ పని అలివి వల లాగడం. పడవ వలని సముద్రంలో చుట్టూ దింపి వస్తే, ఒడ్డున జనం రెండు జట్లుగా నిలబడి రెండు కొసల తాళ్ళూ లాగాలి. తాడు మీద ఎవరి చోటు వాళ్ళకుంటుంది. తాత నిలబడ్డ చోట తండ్రి, తండ్రి నిలబడ్డ చోట కొడుకు. ఒక్కడు చోటు వదిలినా వల ఒక పక్కకి ఒరిగిపోయి చేపంతా జారిపోతుంది. అందుకని పందిరివారికి పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి తెలిసింది ఒకటే: ఏ పనైనా తలా ఒక చోటు పట్టుకుని లాగాలి. చోటు వదలకూడదు, ప్రాణం పోయినా సరే.

ఇలా సుఖంగా ఉంటుండగా ఒకనాడు హైమావతి టీచరు ఇంటికొచ్చింది. మొహం వాడిపోయి ఉంది.

"ఎర్రయ్య తాతా, వచ్చే శుక్రవారం ఆఫీసరుగారు బడికి వస్తున్నారు. మన పిల్లలకి ఇంగ్లీషు స్పెల్లింగులు రాకపోతే ఈ బడి మూసేసి, గెడ్డ అవతలి బడిలో కలిపేస్తారట" అంది.

గెడ్డ అనగానే ఎర్రయ్య మొహంలో రంగు పోయింది. గుల్లలపేటకీ అవతలి ఊరికీ మధ్య పారే గెడ్డ అది. ఎండల్లో మోకాలి లోతు, వానల్లో మనిషి లోతు. ఎర్రయ్య చిన్నప్పుడు ఈ ఊళ్ళో బడి లేదు. పలక నెత్తిన పెట్టుకుని గెడ్డ దాటి వెళ్ళేవాడు. పదకొండో రోజున గెడ్డ పలకని లాక్కుంది. కొత్త పలక కొనే తాహతు వాళ్ళ నాయినకి లేదు. చదువు అక్కడితో సరి. ఎర్రయ్యకి వచ్చిన అక్షరాలు పదకొండు, రోజుకొకటి చొప్పున. ఊరి పక్కన బడి ఉండడమంటే ఏమిటో, ఫ్యాను కింద కూర్చుని మూసే బడుల పట్టీలు రాసేవాడికి తెలియదు. ఎర్రయ్యకి తెలుసు. ఎంత వెర్రివాడైనా ఆ ఒక్కటి మాత్రం బాగా తెలుసు.

"నా గుంట దానమ్మ గెడ్డ దాటడానికి వీల్లేదు" అన్నాడు. "ఏటి చెయ్యాలో చెప్పమ్మా. మేం లాగుతాం."

"లాగేదేమీ లేదు తాతా. పిల్ల చదువుకునేటప్పుడు ఇంటిల్లిపాదీ తలో చెయ్యి వేస్తే చాలు" అంది టీచరు. పిల్లలకి చెప్పేటట్టే ముచ్చటగా కథలాగా చెప్పుకొచ్చింది. "ఇంగ్లీషు అక్షరాలకి కొన్ని కట్టుబాట్లు ఉంటాయి. 'క్యూ' అనే అక్షరం ఒంటరిగా బయటికి రాదు, వెనకాలే 'యూ' రావలసిందే. మాట చివర 'ఈ' ఉందనుకోండి, అది నోరు మెదపదు. ఊరికే నిలబడి ముందున్న వాళ్ళకి బలమిస్తుంది. మాట చివర 'వై' ఉందనుకోండి, ఒక్కరున్నంతసేపూ అది ఉంటుంది. ఎక్కువమందైతే చాలాసార్లు 'వై' తప్పుకుని, దాని బదులు ముగ్గురొస్తారు: 'ఐ', 'ఈ', 'ఎస్'. ఇక ఏ వాక్యమైనా మొదట పెద్దక్షరమే నిలబడాలి. ఇవన్నీ దానమ్మ పుస్తకంలో రాశాను. రోజూ చదివించండి."

ఆవిడ వెళ్ళిపోయింది. ఎర్రయ్య తొడ చరిచాడు.

"ఇదేనటరా ఇంగ్లీషంటే! ఇది అచ్చం అలివి వలే కదరా! ఎవడి చోటు వాడిది!"

ఇంకేముంది, అరుగు మీద పంపకం మొదలైంది. పోలయ్య 'క్యూ'. నూకాలు 'యూ'. తాతబ్బు 'వై'. ఇంటికి పెద్ద గనక ఎర్రయ్య పెద్దక్షరం. ఇక చివర నిలబడి నోరు మెదపని 'ఈ' మిగిలింది. అందరూ గురమ్మ వంక చూశారు.

"నన్నేటి అలా చూస్తారు? నేను మాట్లాడకుండా ఉండలేననేటి? నేనసలు మాట్లాడేదే తక్కువ, పెళ్ళైన కొత్తలో మా అత్త..."

"గురమ్మా, గుంట గెడ్డ దాటాలా?" అన్నాడు ఎర్రయ్య.

గురమ్మ ఠక్కున నోరు మూసేసింది. అంతే. మళ్ళీ తెరవలేదు.

"తాతా, ఇవన్నీ నాకొచ్చు. పుస్తకం పట్టుకుని వింటే చాలు" అంది దానమ్మ.

"నువ్వు చిన్నక్షరానివి. పెద్దక్షరం మాట్లాడుతుంటే నడుమ దూరకు" అన్నాడు ఎర్రయ్య.

మర్నాడు పొద్దున్నే పోలయ్య చెంబు పట్టుకుని సరుగుడు తోటలోకి బయల్దేరాడు. వెనకాల మూరెడు దూరంలో నూకాలు.

"ఒలే, ఇక్కడికి కూడానేటే?"

"టీచరమ్మ మినహాయింపేదీ చెప్పలేదు మావా. నువ్వు కానీ. నేను అటు తిరిగి కూర్చుంటాలే."

పోలయ్య మంగలి దగ్గరికెళ్ళాడు. వెనకాల నూకాలు. మంగలి కత్తి పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఈవిడకి కూడా గియ్యాలా?" అన్నాడు. "ఊరికే వెనకాల నిలబడుతుంది, నువ్వు గియ్యి" అన్నాడు పోలయ్య. మంగలికి కత్తి జారి పోలయ్య సగం మీసం పోయింది. కల్లుపాక దగ్గరకెళ్తే తాగుబోతులంతా ముంతలు దాచుకున్నారు, పెళ్ళాలు వచ్చి పడుతున్నారనుకుని. ఒకడు కంచె దూకి పారిపోయి కాలు బెణికించుకున్నాడు. "నాకేమైనా సరదానేటి? కట్టుబాటు" అంది నూకాలు, ముక్కు మూసుకుని.

పెద్దక్షరం సంగతి ఇంకా బాగుంది. ఎక్కడ పని మొదలైనా ముందు తానే నిలబడాలని ఎర్రయ్య తీర్మానించుకున్నాడు. కుళాయి దగ్గర ఆడవాళ్ళ బిందెలన్నీ వెనక్కి నెట్టి తన చెంబు పెట్టాడు. తిట్లు తిన్నాడు. "పెద్దక్షరానికి తిట్లు తగలవు" అన్నాడు. ఆ వారమే ఊళ్ళో ఒక ముసలాయన పోయాడు. పాడె లేచింది. ఎర్రయ్య పరుగెత్తుకెళ్ళి పాడెకన్నా, నిప్పుకుండ పట్టుకున్న కొడుకుకన్నా ముందు నిలబడి నడిచాడు. "ఎర్రయ్యా, అంత తొందరైతే నువ్వే పడుకో, నిన్నే మోసుకుపోతాం" అన్నారు మోసేవాళ్ళు.

గురమ్మ నోరు మెదపకపోయేసరికి మొదటిరోజే ఊరంతా హడలిపోయింది. ఆ ఇంట్లోంచి మాట వినపడకపోవడమంటే ఎవరో పోయినట్టే లెక్క. మధ్యాహ్నానికి పదిమంది ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని వచ్చి గుమ్మంలో కూర్చుని ఏడుపు అందుకున్నారు. ఎవరి కోసం ఏడవాలో తెలియక అడిగారు. గురమ్మ చెప్పలేదు. చెప్పకపోతే గురమ్మకే ఏదో అయిందనుకుని ఇంకా గట్టిగా ఏడ్చారు. పాపం గురమ్మకి కూడా ఏడుపొచ్చింది, కానీ నోరు తెరవకుండా ఏడ్చింది. అలా ఏడవడం ఎంత కష్టమో మీరొకసారి ప్రయత్నించి చూడండి.

రెండోరోజు ఇసుకలో ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు కుక్కలు తిన్నాయి. గురమ్మ అక్కడే ఉంది. చూసింది. నోరు మెదపలేదు. 'ఈ' కదా!

ఇక బుధవారం వల లాగుడు. ఆ రోజు కవళ్ళ చేపలు గుంపు కట్టాయి, సముద్రం వెండిలా మెరుస్తోంది. వల ఆసామి అప్పన్న ఆనందంతో ఒడ్డున అటూ ఇటూ తిరుగుతున్నాడు. జనం తాడు పట్టారు. ఎర్రయ్య ఎప్పుడూ ఉండే చోట లేడు. తాడు మొదలు ఎక్కడుంటుంది? నీళ్ళలో. అంతే, పెద్దక్షరం మెడలోతు నీళ్ళలోకెళ్ళి తాడు పట్టుకుని నిలబడింది. కెరటం వచ్చినప్పుడల్లా పెద్దక్షరం కనబడడం మానేసి, పోయాక మళ్ళీ కనబడుతోంది. పోలయ్య లాగుతున్నాడు. వెనకాల నూకాలు అతని నడుం పట్టుకుని, తాడుని కాక మొగుడ్ని లాగుతోంది.

అంతలో తాతబ్బు చుట్టూ చూశాడు. ఒకడు, ఇద్దరు, పదిమంది, ముప్ఫై మంది. ఎక్కువమందైతే 'వై' తప్పుకోవాలి కదా! ఠపీమని తాడు వదిలేసి టీకొట్టు దగ్గరికి పరుగెత్తాడు. బల్ల మీద కూర్చున్న ముగ్గురిని రెక్క పుచ్చుకుని లేవదీశాడు. అందులో ఒకడు ఊరికి కొత్తగా వచ్చిన ప్లాస్టిక్ బిందెల వ్యాపారి, ఒకడు చూపానని ముసలాడు, మూడోవాడు నిన్నటి కల్లు ఇంకా దిగనివాడు.

"బేగి రండి బాబూ, నేను తప్పుకున్నాను, నా బదులు మీరు ముగ్గురు!"

వాళ్ళొచ్చేసరికి ఇంకేముంది, వల ఒక పక్కకి ఒరిగింది. తాడు జర్రున జారింది. కవళ్ళన్నీ తోక ఊపుకుంటూ సముద్రంలోకి వెళ్ళిపోయాయి. వల సంచిలో మిగిలింది ఒక పీత, ఎర్రయ్య తలపాగా.

అప్పన్న నోట మాట రాలేదు. వచ్చాక ఆగలేదు. "మీ తెలివి తగలెయ్య! తాడు ఎందుకు వదిలావురా తాతబ్బూ?"

"ఎక్కువమంది ఉన్నారన్నా."

"ఎక్కువమంది ఉండకపోతే వల ఎవడు లాగుతాడురా, మీ మేకా?"

"మేకకి చోటు ఇంకా ఇవ్వలేదన్నా" అన్నాడు తాతబ్బు, నొచ్చుకుని.

మేక ఆ మాట వినకుండా ఉంటే బాగుండేది. గురువారం సాయంత్రం దానమ్మ బడి పుస్తకం అరుగు మీద పెట్టి మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. చుక్కమేక వచ్చింది. పుస్తకం వాసన చూసింది. అట్ట తిన్నది. 'క్యూ' కట్టుబాటు తిన్నది. 'వై' కట్టుబాటు తిన్నది. గురమ్మ ఎదురుగా కూర్చుని చూస్తోంది. కళ్ళు పెద్దవయ్యాయి, పెదవులు వణికాయి, నోరు మాత్రం తెరవలేదు. ఆఖరికి 'ఈ' కట్టుబాటు కూడా మేక కడుపులోకి పోయింది.

"అయ్యో మామ్మా, 'ఛీ ఫో' అని ఒక్క మాట అనలేకపోయావా!" అని దానమ్మ నెత్తి కొట్టుకుంది.

గురమ్మ తన నోటి మీద వేలు పెట్టి చూపించింది.

పోలయ్య గోడకి చేరగిలబడ్డాడు. "అయిపోయింది నాయినా. రేపే ఆఫీసరు. స్పెల్లింగులన్నీ పోయాయి."

ఎర్రయ్య కొంచెంసేపు మేక కేసి చూశాడు. అప్పుడు బుర్ర వెలిగింది. "ఎక్కడికి పోయాయిరా? ఇల్లు దాటి పోయాయా? మేక లోపలే ఉన్నాయి. మేకెక్కడుంటే స్పెల్లింగులు అక్కడ. రేపు బడికి మేకని తీసుకెళ్దాం!"

"తాతా, ఆ పుస్తకంలో ఉన్నవి నా బుర్రలోనూ ఉన్నాయి" అంది దానమ్మ.

"బుర్రలో ఉన్నవి కనబడతాయేటే? మేక కనబడుతుంది" అన్నాడు ఎర్రయ్య. 

శుక్రవారం వచ్చింది. ఆఫీసరు జీపు దిగాడు. బట్టతల, కళ్ళజోడు, చంకలో ఫైలు. బడిలో పదకొండుమంది పిల్లలు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. వెనక గోడ పొడుగునా వల తాడు పట్టుకుని పందిరివారు నిలబడ్డారు. అందరికన్నా ముందు ఎర్రయ్య, చివర గురమ్మ, తాడు కొసకి మేక. హైమావతి టీచరు వాళ్ళని చూసి గోడకున్న దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుంది.

"వీళ్ళెవరు?" అన్నాడు ఆఫీసరు.

"పిల్ల తాలూకు వాళ్ళండి. సాయం... సాయం చేస్తున్నారండి" అంది టీచరు.

ఆఫీసరు దానమ్మని లేపాడు. "అమ్మాయీ, రాణిని ఇంగ్లీషులో ఏమంటారో బోర్డు మీద రాయి."

దానమ్మ సుద్దముక్క తీసుకుంది. ఇంకేముంది, వెనకాల నుంచి "హైలెస్సా!" అని ఒక్క కేక. తాడు కదిలింది. పోలయ్య ముందుకు దూకాడు, వెనకాలే నూకాలు. ఆ తర్వాత 'ఈ' రెండుసార్లు రావాలి. పందిరివారికి ఉన్న 'ఈ' ఒక్కతే. గురమ్మ ఒకసారి నిలబడి, బల్ల చుట్టూ పరుగెత్తుకొచ్చి, రొప్పుతూ మళ్ళీ నిలబడింది.

"ఏమిటిది?" అన్నాడు ఆఫీసరు, కుర్చీ వెనక్కి జరుపుకుంటూ.

ఎర్రయ్య చెయ్యి చూపించాడు. "వీడు 'క్యూ' బాబూ. ఆ పిల్ల 'యూ'. అది మా ఆడది, 'ఈ'. నోరు మెదపదు."

"ఇంకొక అక్షరం ఉండాలే?"

"మిగతావన్నీ మేకలో ఉన్నాయి బాబూ."

ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. మేక ఉంది. "సరే. పసిపాప అని ఒకరి గురించి కాదు, చాలామంది గురించి రాయమ్మా" అన్నాడు నీరసంగా.

చాలామంది అన్న మాట చెవిన పడగానే తాతబ్బు కిటికీలోంచి బయటికి దూకాడు. రెండు నిమిషాల్లో ముగ్గురిని ఈడ్చుకొచ్చాడు: జీపు డ్రైవరు, బడి గంట కొట్టే ముసలమ్మ, ఐసుపుల్లలు అమ్మేవాడు. ఐసుపుల్లల డబ్బాని చూసి పిల్లలు లేచారు. డ్రైవరు బూతులు లంకించుకున్నాడు. ముసలమ్మ కంగారులో బడి విడిచే గంట కొట్టేసింది.

ఇంత గోలలోనూ దానమ్మ బోర్డు వైపు తిరిగి, నాలిక కొస బయట పెట్టి, రాస్తూనే ఉంది. రాణి రాసింది. పసిపాపలు రాసింది. ఎవరూ అడక్కపోయినా కేకు రాసి, చివర 'ఈ' పెట్టి, మామ్మ వంక చూసి నవ్వింది. మిగిలిన పదిమందీ పలకల మీద రాసి చూపించారు. ఒక్క తప్పు లేదు. హైమావతి టీచరు ఏడాది పొడుగునా చెప్పిన చదువు అది.

ఆఫీసరు పలకలన్నీ చూశాడు. లేచి నిలబడ్డాడు. "ఈ పిల్లలు ఇంత సంతలో కూడా తప్పు రాయలేదు. వీళ్ళకి గెడ్డ అవతలికి వెళ్ళి నేర్చుకోవలసిందేమీ లేదు. బడి ఉంచవచ్చని రాస్తున్నాను" అన్నాడు. కాయితం మీద రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశాడు.

ఎర్రయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "చూశారట్రా, ఎంత బాగా లాగామో!"

ఆఫీసరు ఇంకో రెండు బడులు చూడాలి. టీచరు శుక్రవారం బస్సుకి వాళ్ళ ఊరెళ్ళి సోమవారం సాయంత్రం వస్తుంది. అందుకని కాయితం ఎర్రయ్య చేతికిచ్చి, "ఇది సోమవారం సాయంత్రానికి మండలాఫీసులో అందాలి. అందని బడులన్నీ మూసే పట్టీలో పడతాయి. జాగ్రత్త" అని చెప్పి ఆయన జీపెక్కాడు. ఎర్రయ్య ఐసుపుల్లలవాడిని కూడా వెంటబెట్టుకుని ఇంటికొచ్చి, కాయితాన్ని బల్ల మీద పెట్టి, దానికి దణ్ణం పెట్టి, అందరినీ అరుగు మీదకి పిలిచి పీటలేసి ఐసుపుల్లలు తినిపించాడు.

తిని వచ్చేసరికి బల్ల మీద కాయితం లేదు. బల్ల పక్కన చుక్కమేక. నోట్లో కాయితం ముక్క ఒకటి కదులుతోంది. చూస్తుండగానే అది కూడా లోపలికెళ్ళింది. పక్కన గురమ్మ.

"మింగేసిందేటే?" అని ఎర్రయ్య అరిచాడు.

గురమ్మ తల అడ్డంగా ఊపింది, చేత్తో నడుం దగ్గర గట్టిగా చూపించింది. మళ్ళీ మళ్ళీ చూపించింది. నూకాలు జాలిపడింది. "పాపం, అత్తకి కడుపులో నొప్పిలాగుంది" అని పట్టుకుని వాము నీళ్ళు తాగించింది. గురమ్మ ఇంకోసారి చూపించింది. ఇంకో గ్లాసు పట్టారు. ఆ తర్వాత చూపించడం మానేసింది.

"తాతా, ఆఫీసరుగారు పై ఊళ్ళోనే ఉంటారు, ఇంకోటి రాయించుకుందాం" అంది దానమ్మ.

"ఒకటుండగా ఇంకోటెందుకే? కాయితం భద్రంగా మేకలో ఉంది" అన్నాడు ఎర్రయ్య. మేకని భుజాన వేసుకుని గెడ్డ దాటి మండలాఫీసుకి వెళ్ళాడు.

కిటికీ వెనకాల గుమస్తా తల ఎత్తకుండా రాసుకుంటున్నాడు.

"గుల్లలపేట బడి రిపోర్టు తెచ్చాను బాబూ."

"ఏదీ?"

"లోపలుంది బాబూ."

"లోపలుంటే బయటికి తియ్యి."

"రేపు పొద్దున్నకి దానంతటదే వచ్చేస్తుంది గానీ, అప్పుడు తమరు చదవలేరు."

గుమస్తాకి ఈ మాటలేవీ బుర్రకెక్కలేదు. ఏళ్ళ తరబడి అతను ఎవరికైనా చెప్పేది ఒకటే. "ఒక్కటి తెస్తే తీసుకోం. మూడు నకళ్ళు కావాలి. సోమవారంలోగా పట్రా" అని కిటికీ రెక్క మూసేశాడు.

ఇంకొకడైతే ఏడ్చేవాడు. ఎర్రయ్య మేక కడుపు తడిమి చూసి నవ్వుకున్నాడు. ఇంటికొచ్చి అందరికీ ధైర్యం చెప్పాడు. "నకళ్ళు లోపల తయారవుతున్నాయి."

ఆదివారం మధ్యాహ్నం చుక్కమేక ఈనింది. ఒకటి. రెండు. అందరూ ఊపిరి బిగబట్టారు. దానమ్మ కూడా బిగబట్టింది, ఎందుకో దానికే తెలియదు. మూడు! తాతబ్బు గంతులేశాడు. కానీ మూడోది నల్లగా పుట్టింది. తల్లేమో తెల్లటిది, నుదుటి మీద చుక్క.

"నకలంటే అచ్చుగుద్దినట్టుండాలి. ఇలాంటిది చెల్లదు" అన్నాడు పోలయ్య. అంతే, సున్నం కలిపి మూడోదాన్ని తెల్లగా పూశారు. బొగ్గుతో చుక్క పెట్టారు.

సోమవారం మండలాఫీసు వరండాలో నాలుగు మేకలు దిగాయి, తలుపులోంచి గుమస్తా గదిలోకి దూరాయి. ఒకటి ఫైళ్ళ కట్ట మీదకెక్కింది. ఒకటి గుమస్తా చెప్పు నమిలింది. సున్నం పూసినది గోడకి రాసుకుని గోడని కూడా తెల్లగా చేసింది. తల్లి కుర్చీ పక్కన మడుగు కట్టింది.

"ఇది అసలు, ఇవి నకళ్ళు బాబూ. మూడూ లెక్క చూసుకోండి."

"నీకు దణ్ణం పెడతానయ్యా, వీటిని తీసుకుని ఇక్కణ్ణుంచి వెళ్ళు!"

"అందినట్టు ముద్ర కొట్టందే వెళ్ళను బాబూ. బడి సంగతి."

గుమస్తా కాళ్ళు కుర్చీ మీదకి ఎత్తుకుని పుస్తకంలో రాశాడు: గుల్లలపేట బడి రిపోర్టు, నకళ్ళు మూడు, అందినవి. చీటీ మీద ముద్ర కొట్టి కిటికీలోంచి విసిరాడు. తిడితే తిట్టాడు గానీ, ముద్ర పడింది. చదువులేనివాడి వెర్రికి ఊరు నవ్వుతుంది. ఆఫీసు వెర్రికి ముద్ర ఉంటుంది గనక ఎవడూ నవ్వడు. అంతే తేడా. ఏమైతేనేం, మూసే పట్టీలో గుల్లలపేట పేరు పడలేదు.

సాయంత్రం బస్సు దిగిన హైమావతి టీచరు ఆ చీటీ చూసింది, కథ వింది, అరుగు మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని గురమ్మని చూసింది. "ఇక చాలమ్మా. పరీక్ష అయిపోయింది. నోరు విప్పండి."

ఇంకేముంది! ఇన్నాళ్ళ మాటలు కట్ట తెగినట్టు వచ్చి పడ్డాయి. నెత్తళ్ళు తిన్న కుక్కల రంగు దగ్గర్నుంచి, ఏడవడానికి వచ్చిన ఆడవాళ్ళలో ఎవరికి నిజంగా కన్నీళ్ళు రాలేదో అన్న దాకా, ఊపిరి తీసుకోకుండా చెప్పింది. చెప్పి చెప్పి, "వాము నీళ్ళు నా మొహాన పోశారు గానీ, ఆ ఆఫీసరు కాయితాన్ని మేక నోట్లోంచి లాక్కుని నా కొంగున ముడేసుకున్నది నేను కాదేటి? అది తిన్నది ఐసుపుల్లలవాడి పాత పేపరు!" అంది. నడుం దగ్గర కొంగు ముడి విప్పింది. మడతలు పడినా సంతకం, ముద్ర చెక్కుచెదరని కాయితం.

"అమ్మయ్య! ఇలా ఇవ్వండి, అసలు రిపోర్టు రేపే పంపేద్దాం" అని టీచరు చెయ్యి చాచింది.

ఎర్రయ్య అదిరిపడి లేచాడు. కాయితం కొంగులో ఉంటే మేకలో ఏముంది? మేకలో లేకపోతే ఆ నకళ్ళు దేనికి నకళ్ళు? గవర్నమెంటుకి దొంగ నకళ్ళు ఇచ్చినట్టు కాదూ? తెలిస్తే బడి ఉంచుతారా? గెడ్డ, పలక, దానమ్మ, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. అసలు ఉండాల్సిన చోట అసలు ఉండాలి!

అంతే. టీచరు చేతికందేలోపల కాయితం లాక్కుని, ఉండ చుట్టి, చుక్కమేక నోట్లో కుక్కాడు. మేక రెండుసార్లు నమిలింది, మింగింది. ముద్ర సిరా మూతికి కాస్త అంటుకుంది.

"హమ్మయ్య" అని ఎర్రయ్య చేతులు దులుపుకున్నాడు. "ఇప్పుడు చెల్లుతుంది."

గురమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, ఊరు అదిరేటట్టు అరవడానికి నోరు తెరిచింది.

ఎర్రయ్య వేలెత్తి ఆపాడు. "ఇది చివర. చివర్లో 'ఈ' మాట్లాడదు."

గురమ్మ ఆలోచించింది. నిజమే. నోరు మూసుకుంది.